పొయ్యి ఎక్కక ముందే

ఉడికిన కోడికూర వల్ల బర్డ్‌ ఫ్లూ రాదు. ఇది నిజం. అయితే దీన్ని ఎంత గట్టిగా చాటామంటే, దీని పక్కనే ఉన్న రెండో నిజం ఎవరి చెవికీ ఎక్కలేదు.

2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో రెండేళ్ల పాప చనిపోయింది. పల్నాడు జిల్లా నరసరావుపేట పిల్ల. జ్వరం, ఆయాసం, విరేచనాలు, ఫిట్స్‌తో ఆస్పత్రికి తెచ్చారు. నమూనాలు పుణెలోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ వైరాలజీకి వెళ్లాయి. అక్కడ తేలింది హెచ్‌5ఎన్‌1, అంటే బర్డ్‌ ఫ్లూ అని. ఏప్రిల్‌ మొదట్లో ఆ సంగతి బయటికొచ్చింది. అధికారులు ఇంటికెళ్లి ఆరా తీస్తే, కూర వండేటప్పుడు పాప అడిగితే ఒక పచ్చి ముక్క చేతిలో పెట్టామని ఇంట్లోవాళ్లు చెప్పారు. అదే మాంసాన్ని ఉడికించుకుని తిన్న మిగతా కుటుంబానికి ఏమీ కాలేదు.

మన దేశంలో ఈ వైరస్‌తో మనిషి చనిపోవడం ఇది రెండోసారి. మొదటిది 2021 జులైలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో. హరియాణాకు చెందిన 11 ఏళ్ల బాలుడు.

పాపకు ముక్క ఇచ్చిన తల్లిని తప్పుపట్టే అర్హత మనలో ఎవరికీ లేదు. కూర తరుగుతుంటే పిల్లలు పక్కన చేరి గిన్నెలో చెయ్యి పెట్టని ఇల్లు ఏది? ఆ తల్లికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. అంతకు ముందు నెల రోజులుగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ విన్నా కోళ్ల మాటే. ఆ మాటల్లో పచ్చి మాంసం ప్రమాదమన్న ఒక్క మాట లేదు.

ఆ ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోని ఫారాల నుంచి పంపిన నమూనాలు భోపాల్‌ ల్యాబ్‌లో పాజిటివ్‌గా తేలాయి. వెనకే ఏలూరు జిల్లా బాదంపూడి, ఎన్టీఆర్‌ జిల్లా గంపలగూడెం. ఫలితాలు రాకముందు నుంచే షెడ్లలో కోళ్లు కుప్పలుగా చస్తున్నాయి. కొక్కెర తెగులేమో అనుకున్నవాళ్లున్నారు. చచ్చిన కోళ్లు కొన్నిచోట్ల రోడ్ల పక్కన, కాలువల్లో తేలాయి. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి పంపింది. జనం భయపడటంతో చికెన్‌ ధర పడిపోయింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడోది తెలంగాణది. ఆ భయం ఎన్ని వేల కుటుంబాల కడుపు కొడుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే పరిశ్రమ ఎదురుదాడికి దిగింది. గుంటూరులో ఉచితంగా చికెన్‌, గుడ్ల వంటకాలు పెట్టి మేళా నడిపారు. జనం విరగబడ్డారు. 70 డిగ్రీల వేడి తగిలితే వైరస్‌ చస్తుందని, మన వంటల్లో అంతకు మించి ఉడుకుతుందని మైకుల్లో చెప్పారు. అందులో అబద్ధం లేదు. వండిన కూర తినడం వల్ల ఎవరికైనా ప్రమాదం ఉందని నేనూ అనను. నా ఫిర్యాదల్లా వేరే. కోడి పళ్లెంలోకి వచ్చేలోగా ఎన్ని చేతులు మారుతుందో ఆ మైకులు చెప్పలేదు. షెడ్డులో రెట్ట ఎత్తే చేయి, చచ్చిన కోళ్లను గోతిలో వేసే చేయి, దుకాణంలో మెడ కోసే చేయి, ఇంట్లో సింకు దగ్గర కడిగే చేయి. బర్డ్‌ ఫ్లూ మనిషికి సోకిన కేసులు తిరగేస్తే దాదాపు అన్నీ ఈ చేతుల దగ్గరే మొదలవుతాయి.

హాంకాంగ్‌ నేర్చుకున్నది

ఈ కథ మొదలైంది చైనాలో. 1996లో గ్వాంగ్‌డాంగ్‌ రాష్ట్రంలో ఒక పెంపుడు పెద్దబాతులో ఈ వంశపు వైరస్‌ను గుర్తించారు. మరుసటేడు మేలో హాంకాంగ్‌లో మూడేళ్ల బాలుడు చనిపోయాడు. అతని గొంతులో దొరికిన వైరస్‌ ఏమిటో అక్కడి ల్యాబ్‌లకు అంతుపట్టలేదు. విదేశాలకు పంపాక, ఆగస్టులో తెలిసింది. పక్షుల్లోని ఇన్‌ఫ్లుయెంజా నేరుగా మనిషిని చంపగలదని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఆ ఏడాది చివరికి 18 మందికి సోకింది, వాళ్లలో ఆరుగురు పోయారు. డిసెంబరు ఆఖరున హాంకాంగ్‌ ప్రభుత్వం నగరంలోని కోళ్లన్నిటినీ, 13 లక్షలకు పైగా, రోజుల వ్యవధిలో చంపించేసింది.

అసలు చెప్పుకోవాల్సింది ఆ తర్వాత చేసిన పనుల గురించి. బతికున్న కోడిని కళ్లముందు కోయించుకోవడం మనకెంత ఇష్టమో హాంకాంగ్‌ వాసులకూ అంతే. ప్రభుత్వం ఆ అలవాటుతో కయ్యం పెట్టుకోలేదు, దాని చుట్టూ ఉన్న రోత మీద పడింది. బాతులను, కోళ్లను ఒకేచోట అమ్మడం 1998లోనే మాన్పించింది. 2001 నుంచి మార్కెట్లకు నెలలో ఒక రోజు సెలవు. ఆ రోజు అన్ని దుకాణాలూ కోళ్లను ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాలి. తర్వాతి ఏడాది కౌజు పిట్టలను బతికున్నవి అమ్మకూడదన్నారు. 2008 నుంచి రాత్రిపూట దుకాణంలో కోడి ఉండకూడదన్నారు. వైరస్‌ దుకాణాల్లో కాపురం పెట్టేది రాత్రుళ్లే. ఈ రోజు తెచ్చిన కోడి దాన్ని వదిలిపోతుంది, రేపు వచ్చే కోడి అందుకుంటుంది.

ఇప్పుడు మన దుకాణం చూడండి. ఆదివారం పొద్దుటే అక్కడ వరస కడతాం. బోనులో నిన్నటి కోళ్ల మీద ఇవాళ్టివి. మెడ కోసి డ్రమ్ములో పడేస్తారు, అది లోపల కొట్టుకుంటుంది. తర్వాత వేడినీళ్ల గంగాళం, పొద్దున్నుంచీ అవే నీళ్లు. ఆపైన ఈకలు పీకే మిషన్‌. అది తిరుగుతుంటే సన్నటి తుంపర లేస్తుంది. జబ్బు కోడైతే ఆ తుంపరలోనే వైరస్‌ ఉంటుంది. ఆ మిషన్‌ ముందు నిలబడేది ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. మాస్కు లేదు, కళ్లద్దాలు లేవు, కాళ్లకు హవాయి చెప్పులు. అదే చేత్తో డబ్బులు తీసుకుంటాడు. అతనికి నాలుగు రోజులు జ్వరమొస్తే మందుల షాపులో బిళ్లలు కొనుక్కుంటాడు. బర్డ్‌ ఫ్లూ పరీక్ష చేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈ పరిస్థితి మారాలంటే నెలకో శుభ్రత సెలవు, రాత్రికి ఖాళీ అయ్యే బోను, కుర్రాడికి ఒక కళ్లద్దం. కోట్లు అక్కర్లేదు. మున్సిపాలిటీలు పూనుకుంటే రేపే మొదలుపెట్టొచ్చు.

మన ఊపిరితిత్తుల అడుగున

పక్షి వైరస్‌ మనకు ఎందుకంత తేలిగ్గా అంటుకోదు? ఫ్లూ వైరస్‌ కణంలోకి దూరాలంటే ముందు కణం పైనున్న సియాలిక్‌ ఆమ్లమనే చక్కెర పదార్థాన్ని పట్టుకోవాలి. పక్షుల పేగుల్లో అది ఒక రకంగా అమరి ఉంటుంది, మన ముక్కు, గొంతుల్లో ఎక్కువగా మరో రకంగా. అందుకే ముక్కు దగ్గరే వైరస్‌కు పట్టు దొరకదు. కానీ పక్షుల రకం అమరిక మనలో రెండుచోట్ల ఉంది: ఊపిరితిత్తుల అట్టడుగున, కంటిపొరల్లో. మోతాదు ఎక్కువై లోపలికంటా దిగితే భయంకరమైన న్యుమోనియా. కంట్లో పడితే కళ్ల కలక. లోపలెక్కడో ఉన్న వైరస్‌ దగ్గుతో, తుమ్ముతో సులువుగా బయటికి రాదు కాబట్టి ఒకరి నుంచి మరొకరికి పాకడం అరుదు. 2004లో థాయ్‌లాండ్‌లో కూతురి నుంచి తల్లికి, 2006లో ఇండొనేసియాలోని ఒక కుటుంబంలో అలా సోకింది. ఆ గొలుసులు అక్కడే తెగిపోయాయి.

2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు చేరిన హెచ్‌5ఎన్‌1 మనుషుల కేసులు దాదాపు వెయ్యి. అందులో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ ‘సగం’ చూసి గుండె జారాల్సిన పని లేదు. ఆస్పత్రికి చేరేంత జబ్బుపడ్డవాళ్లే లెక్కకెక్కుతారు, ఒంట్లో బాగోలేక రెండు రోజులు పడుకుని లేచినవాళ్లు ఎక్కరు.

మరి భయమెందుకు? ఫ్లూ వైరస్‌ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. ఒకే ఒంట్లోకి రెండు రకాల ఫ్లూ ఒకేసారి దూరితే, రెండు పేక కట్టలు కలిపి పంచినట్టు ఈ ముక్కలు కలగలిసిపోతాయి. అలా మనిషి ఫ్లూలోకి పక్షి ఫ్లూ ముక్కలు చేరడం వల్లే 1957, 1968 మహమ్మారులు వచ్చాయి. కలవకుండానే మారే దారీ ఉంది. నెదర్లాండ్స్‌లో రాన్‌ ఫౌషియే బృందం 2012లోనే చూపించింది, కొన్నే కొన్ని మార్పులతో హెచ్‌5ఎన్‌1 ఫెరెట్ల మధ్య గాలిలో పాకగలదని. ఫెరెట్‌ ముంగిసలాంటి జంతువు. ఫ్లూ విషయంలో దాని శ్వాసనాళం మన శ్వాసనాళాన్ని పోలి ఉంటుంది. ఆ ప్రయోగాలను ప్రచురించాలా వద్దా అని అప్పట్లో ప్రపంచమంతా పెద్ద రగడ. 2024 డిసెంబరులో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చిన మరో పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది: అమెరికా ఆవుల్లో తిరుగుతున్న వైరస్‌కు ఒక్కచోట మార్పు జరిగితే చాలు, పట్టు పక్షి రకం నుంచి మనిషి రకానికి మారుతుందని. పట్టు మారినంత మాత్రాన మహమ్మారి రాదు, ఇంకా కొన్ని కలిసిరావాలి. కానీ అన్నిటికంటే పెద్దదనుకున్న మెట్టు అంత ఎత్తుగా లేదని అర్థమైంది.

కాబట్టి సోకిన ప్రతి మనిషీ ఆ వైరస్‌కు ఒక అవకాశం. రెట్ట ఎత్తే కూలీకి అదే వారంలో మామూలు ఫ్లూ కూడా పట్టుకుంటే అది ఇంకాస్త పెద్ద అవకాశం.

పులులు, పిల్లులు, ఆవులు

పదేళ్ల కిందట ఇది పక్షుల జబ్బు. ఇప్పుడు ఆ మాట అనలేం. 2004లోనే థాయ్‌లాండ్‌లోని ఒక పులుల జూలో పచ్చి కోడిమాంసం వేస్తే 147 పులులు చనిపోవడమో, చంపేయాల్సి రావడమో జరిగింది. దాన్నప్పుడు వింతగా చెప్పుకున్నారు. 2022లో స్పెయిన్‌లో బొచ్చు కోసం పెంచే మింకుల ఫారంలో ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. 2023లో పెరూ తీరంలో వేల సీ లయన్లు పోయాయి. అర్జెంటీనాలో ఎలిఫెంట్‌ సీల్‌ పిల్లలు 17 వేలకు పైగా చనిపోయాయి. మన దగ్గర 2024 డిసెంబరు చివర నాగపూర్‌ గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత. ఆ తర్వాత నెలలో మధ్యప్రదేశ్‌ ఛింద్వాడాలో పెంపుడు పిల్లులు.

అన్నిటికన్నా నివ్వెరపరిచింది ఆవు. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సస్‌, కాన్సస్‌లలో పాడి ఆవులు మేత తగ్గించాయి, పాలు చిక్కగా పసుపు రంగులోకి మారాయి. ఆ పచ్చి పాలు తాగిన పిల్లులు చచ్చాయి. చూస్తే వైరస్‌ ఆవు పొదుగులో తిష్ఠ వేసింది, పాలు పితికే యంత్రాల ద్వారా ఆవు నుంచి ఆవుకు పాకుతోంది. అది వెయ్యికి పైగా మందలకు చేరింది. అమెరికాలో సోకిన దాదాపు 70 మందిలో ఎక్కువమంది పాడి, కోళ్ల ఫారాల కూలీలే. చాలామందికి కళ్ల కలకతో సరిపోయింది. పాలు చిమ్మి కంట్లో పడ్డాయి మరి. కానీ 2025 జనవరిలో లూసియానాలో పెరటి కోళ్లు పెంచుకునే ఒకరు చనిపోయారు.

పాలు కాచి తాగే అలవాటు మనల్ని ఇక్కడ కాపాడుతుంది. అదృష్టవంతులం. ‘పచ్చి పాలే అమృతం’ అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్ల మాట మాత్రం వినకండి.

షెడ్డులో లెక్కలు

శీతాకాలం రాగానే మనకు వలస పక్షి మీద అనుమానం. కొంత నిజం లేకపోలేదు. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర వేల పక్షులు చనిపోయాయి. వాటిలో ఎక్కువ, తల మీద నల్ల చారలుండే పెద్దబాతులు. హిమాలయాలు దాటి దక్షిణ భారతం దాకా వచ్చే జాతి అది. మరుసటేడు ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశపు మొదటి బర్డ్‌ ఫ్లూ బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో వచ్చినప్పుడు పులికాట్‌ వైపు, మరుసటేడు గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు కొల్లేరు వైపు వేలు చూపించారు. అయితే కొంగ మొదటి షెడ్డు దాకే తేగలదు. రెండో షెడ్డుకు, పదో షెడ్డుకు వైరస్‌ వెళ్లేది గుడ్ల ట్రేలతో, దాణా లారీల చక్రాలతో, షెడ్డు షెడ్డుకూ తిరిగే మనుషుల చెప్పులతో. పక్షిని నిందించడం తేలిక, అది తిరిగి మాట్లాడదు.

రైతు వైపు నుంచీ చూడాలి. నిబంధన ప్రకారం బర్డ్‌ ఫ్లూ తేలిన ఫారం చుట్టూ కిలోమీటరు లోపు కోళ్లన్నిటినీ చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ప్రభుత్వం చంపించిన కోళ్లకు పరిహారం ఇస్తుంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం. జబ్బుతో అప్పటికే చచ్చినవాటికి పైసా రాదు. షెడ్డులో సగం కోళ్లు పోయాక ఫోన్‌ చేసే రైతుకు మిగిలేది పక్కింటి ఫారం యజమాని శాపనార్థాలు, నెలల తరబడి ఖాళీ షెడ్డు, బ్యాంకు వాయిదా. అలాంటప్పుడు మిగిలిన బతికున్న కోళ్లను రాత్రికి రాత్రి అయినకాడికి తోలేయాలన్న ఆలోచన రావడం వింతేం కాదు. ఆ లారీలో వెళ్లేది కోళ్లు మాత్రమే కాదు. చావులు మొదలైన రోజే కబురు చేసిన రైతుకు చచ్చిన కోళ్లకూ ఎంతో కొంత ఇవ్వాలి. దొంగ లెక్కలు రాస్తారన్న అభ్యంతరం ఉంది. రాస్తారు. ఆ నష్టం దాచిపెట్టడం వల్ల వచ్చే నష్టం కన్నా చిన్నదే.

కూలీ గురించి ఎవరూ మాట్లాడరు. షెడ్ల పక్కనే గదుల్లో ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లాపాపలతో ఉంటాయి. చంపే పని పడినప్పుడు పీపీఈ కిట్లు ఇస్తారు, ఫొటోల్లో కనిపిస్తాయి. 2024 జులైలో అమెరికాలోని కొలరాడోలో 40 డిగ్రీల ఎండలో కోళ్లను చంపే పని చేసిన కూలీలకు వరసగా సోకింది. ఉక్కకు మాస్కులు, కళ్లద్దాలు జారిపోయాయి, షెడ్డులోని పెద్ద ఫ్యాన్లు ఈకలను, దుమ్మును ముఖాల మీదికి విసిరాయి. గోదావరి జిల్లాల ఎండ దానికేం తీసిపోదు. ఫిన్లాండ్‌ ఆ ఏడాదే ప్రమాదం ఎక్కువున్న పనివాళ్లకు బర్డ్‌ ఫ్లూ టీకా మొదలుపెట్టింది. మన షెడ్డు కూలీకి మామూలు ఫ్లూ టీకా వేయించినా చాలు. రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిసే వీలు తగ్గుతుంది.

కోళ్లకే టీకా వేస్తే? చైనాలో హెచ్‌7ఎన్‌9 అనే మరో పక్షి ఫ్లూ 2013 నుంచి పదిహేను వందల మందికి పైగా మనుషులకు సోకింది. 2017లో కోళ్లకు టీకా తప్పనిసరి చేశాక దాదాపు ఆగిపోయింది. ఫ్రాన్స్‌ 2023 నుంచి బాతులకు వేస్తోంది. హెచ్‌5ఎన్‌1కు మన ప్రభుత్వం ఒప్పుకోలేదు, టీకా వేసిన కోడిలో వైరస్‌ చప్పుడు లేకుండా తిరుగుతుందన్న భయం ఉంది. నిఘా బలంగా లేనిచోట అది నిజమైన భయమే. ముందు నిఘా.

పందెం కోళ్ల ఊసెత్తితే భీమవరం వైపు చుట్టాలకు కోపం రావచ్చు. అయినా చెప్పాలి. 2004లో మలేసియాకు ఈ వైరస్‌ చేరింది థాయ్‌లాండ్‌ నుంచి దొంగచాటుగా తెచ్చిన పందెం పుంజులతోనే. దెబ్బతిన్న పుంజు గొంతులో అడ్డుపడ్డ శ్లేష్మాన్ని నోటితో పీల్చి తీయడం థాయ్‌లాండ్‌లో పందెగాళ్ల అలవాటు. అలా సోకినవాళ్లున్నారు. సంక్రాంతికి మన బరుల్లో పుంజును చంకనెత్తుకుని నెత్తురు తుడిచేవాళ్లు, ఓడి చచ్చిన పుంజును ఇంటికి తీసుకెళ్లి కోసేవాళ్లు దీన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

మందు లేదా అంటే ఉంది. ఒసెల్టమివిర్‌, అదే టామిఫ్లూ. బిర్యానీలో వేసే అనాసపువ్వులో దొరికే షికిమిక్‌ ఆమ్లం దాని ముడిసరుకు. 2005లో రోష్‌ కంపెనీ దాన్ని తయారుచేసే హక్కును హైదరాబాద్‌లోని హెటెరోకు ఇచ్చింది. అంటే మన గడపలోనే ఉంది. చిక్కంతా వేళ దగ్గరే. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. బర్డ్‌ ఫ్లూ కావచ్చునన్న అనుమానం వచ్చేసరికే మన దగ్గర వారం గడుస్తుంది.

అందుకే ఈ ఆదివారం చికెన్‌ తెచ్చుకోండి, నిక్షేపంగా వండుకు తినండి. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట కూరగాయల జోలికి పోనివ్వకండి. పంపు కింద చిమ్మేట్టు కడగకండి. ఉప్పు, నిమ్మరసం పట్టించినా ఫ్రిజ్‌లో పెట్టినా వైరస్‌ చావదు, వేడికే చస్తుంది. పచ్చసొన కారే గుడ్డు పిల్లలకు పెట్టకండి. వంట అయ్యేదాకా వాళ్లను పీట దగ్గరికి రానివ్వకండి. పెరట్లో కోళ్లో, చెరువు దగ్గర కాకులో, కొంగలో ఉన్నట్టుండి చస్తే వట్టి చేత్తో ముట్టుకోకుండా ఊళ్లో పశువైద్యుడికో, 1962 నంబరుకో ఫోన్‌ చేయండి. కోళ్ల దగ్గర పనిచేసేవాళ్లకు గానీ, చచ్చిన పక్షిని తాకినవాళ్లకు గానీ పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, కళ్ల కలక వస్తే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఆ సంగతి ముందే చెప్పండి.